ఎలక్ట్రిక్ పికప్‌కి వించ్: ఆటోనగర్ షాపు పనితనం మీద నా అభిప్రాయం

ఆటోనగర్‌లోని ఈ ఆటో ఎలక్ట్రికల్ షాపుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఐదోది ఎందుకు ఆపానో తర్వాత చెబుతాను. ఎలక్ట్రిక్ పికప్‌కి రికవరీ వించ్ (దిగబడిన బండిని తాడుతో బయటికి లాగే మోటారు) పెట్టించుకుని, దానికి కరెంటు ఎక్కడి నుంచి ఇవ్వాలో తేల్చుకున్నవాళ్ళు విశాఖలో నాకెవరూ కనబడలేదు. నాలాగే వెతుక్కునేవాళ్ళకి పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

నేను స్టీల్ ప్లాంట్‌లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చేసి రిటైరయ్యాను, కూర్మన్నపాలెంలో ఉంటాం. మా మేనల్లుడు ఒక చిన్న ఎలక్ట్రిక్ పికప్ కొన్నాడు, అందులో సగం డబ్బు నాది. తెల్లవారకముందే మంగమారిపేట, భీమిలి ఒడ్డులకి ఐసు తీసుకెళ్ళి, అక్కడి నుంచి చేపలు తెచ్చి హోటళ్ళకి వేస్తాడు. డీజిల్ ఖర్చు లేదు, చప్పుడు లేదు, బండి మీద వాడికి ఏ ఫిర్యాదూ లేదు. చిక్కల్లా ఇసుకతోనే. వెనక చక్రాలతో నడిచే బండి, సన్నటి టైర్లు, వెనకంతా ఐసు బరువు. పైగా ఎలక్ట్రిక్ మోటారు యాక్సిలరేటర్ తొక్కీ తొక్కకముందే పూర్తి టార్క్ (తిప్పే బలం) ఇచ్చేస్తుంది. చక్రం ఒక్కసారి గిర్రున తిరిగిందంటే గొయ్యి తవ్వుకుని కూర్చుంటుంది.

తొయ్యడానికి ఒడ్డున కుర్రాళ్ళు ఉంటారు, ఎవరూ కాదనరు. కానీ రోజూ అడగాలంటే మొహమాటం. అదీకాక ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కదా, ఆ రోజుల్లో ఫైబర్ బోట్లని రిపేర్లకి పైకి లాగుతారు. వించ్ ఉంటే వాళ్ళకీ సాయం చెయ్యొచ్చని మావాడి ఆలోచన.

వించ్ కొనడం తేలిక, దానికి కరెంటు ఇవ్వడమే తంటా. "మావయ్యా, బండి కింద అంతా బ్యాటరీయే కదా, ఇంక వేరేగా కరెంటెందుకు?" అన్నాడు. కరెంటు ఎంత కావాలన్న లెక్క వరకూ వాడి మాట నిజమే. వించ్ రెండు కిలోవాట్ల చొప్పున ఐదు నిమిషాలు లాగితే అయ్యే ఖర్చు 0.17 యూనిట్. ఇరవై యూనిట్లు పట్టే బ్యాటరీలో అది ఒక శాతం కూడా కాదు. అయితే వించ్ మోటారు 12 వోల్టులది, బండిని నడిపే బ్యాటరీ వోల్టేజేమో అంతకి ఎన్నో రెట్లు. ఈ రెండింటి మధ్యా పెద్ద వోల్టేజ్‌ని 12కి దించే డీసీ-డీసీ కన్వర్టర్ అనే డబ్బా ఉంటుంది. లైట్లు, హారన్, వైపర్లు, కంట్రోలర్లు అన్నీ దాని మీదే ఆధారపడతాయి. మా బండి కన్వర్టర్ ప్లేటు మీద 500 వాట్లు అని ఉంది. అంటే 13.8 వోల్టుల దగ్గర 36 ఆంప్స్. వించ్ బలంగా లాగేటప్పుడు తీసుకునేది రెండు వందల ఆంప్స్ పైన.

డీజిల్ బండికి ఈ గొడవ లేదు. ఇంజన్ని తిప్పడానికి వందల ఆంప్స్ ఇచ్చే బ్యాటరీ అందులో ఎలాగూ ఉంటుంది. వించ్ దాని మీద నడిచిపోతుంది, వెనక నుంచి ఆల్టర్నేటర్ నింపుతూ ఉంటుంది. ఎలక్ట్రిక్ బండిలో స్టార్టర్ మోటారే లేదు కాబట్టి 12 వోల్టుల బ్యాటరీ చిన్నది పెడతారు. దానికి వించ్ తగిలిస్తే వోల్టేజ్ కిందకి జారుతుంది. లైట్లు మసకబారడంతో అది ఆగదు. పెద్ద బ్యాటరీని మోటారుకి కలిపే మెయిన్ కాంటాక్టర్ల (కరెంటుతో పనిచేసే పెద్ద స్విచ్‌ల) కాయిల్స్ కూడా ఈ 12 వోల్టుల మీదే పట్టుకుని ఉంటాయి. వోల్టేజ్ చాలకపోతే కంట్రోలర్ రీసెట్ అవుతుంది, కాంటాక్టర్లు విడిపోతాయి, బండి మొత్తం ఆగిపోతుంది. ఇసుకలో దిగబడి, పోటు మీదున్న సముద్రం చక్రాల దాకా వస్తున్నప్పుడు బండి అలా ఆగిపోతే పడే టెన్షన్ ఊహించుకోండి.

ఇదంతా తెలిసిన షాపు కోసం గాజువాక, కంచరపాలెం, ఆటోనగర్ అన్నీ తిరిగాను. ఒకాయన ఇంకా పెద్ద వించ్ తీసుకోమన్నాడు, బ్యాటరీకి క్లిప్పులు తగిలిస్తే చాలన్నాడు. ఇంకొకాయన ఇంట్లో ఇన్వర్టర్‌కి పెట్టే ట్యూబ్యులర్ బ్యాటరీ పెడదామన్నాడు. అది గంటల తరబడి కొద్దికొద్దిగా ఇవ్వడానికి చేసిన బ్యాటరీ. ఒక్కసారిగా రెండు వందల ఆంప్స్ అడిగితే దాని వోల్టేజ్ కూలబడుతుంది. మూడో చోట ఒక మేస్త్రి బండి కిందకి దూరి, ఆరెంజ్ కేబుళ్ళు చూపించి "దీన్నుంచే లాగేద్దారి సార్, పెద్ద కన్వర్టర్ ఎట్టేస్తాను" అన్నాడు. నేను దండం పెట్టి వచ్చేశాను. ఆరెంజ్ తొడుగు ఉన్న కేబుల్ అంటే హై వోల్టేజ్ అని అర్థం. డీసీ ఆర్క్ (గాలిలోంచి దూకే కరెంటు మంట) ఒకసారి మొదలైతే ఏసీలాగా తనంతట తాను ఆరిపోదు. ప్లాంట్‌లో దాని సంగతి చూసినవాణ్ణి, ఆ కేబుల్ జోలికి ఎవర్నీ వెళ్ళనివ్వను. వారంటీ పోవడం అనేది రెండో మాట.

ఇక ఈ షాపు. నడిపేది వయసులో చిన్నవాడే, ముప్పై దాటి ఉండవు. వించ్ కేటలాగ్ తియ్యకముందే రెండు ప్రశ్నలు అడిగాడు: కన్వర్టర్ ఎన్ని వాట్లు, లోడుతో బండి బరువెంత. రెండూ విన్నాక "బండి బ్యాటరీ సంగతి మరిచిపోండి సార్. వించ్‌కి వేరు కాపురం పెట్టించేద్దాం" అన్నాడు. అక్కడే నాకు నచ్చాడు.

మేం 9,500 పౌండ్లు లాగే వించ్ కావాలని వెళ్ళాం. అక్కర్లేదన్నాడు. నిండు బరువుకి ఒకటిన్నర రెట్లు లాగగలిగితే చాలన్నది మామూలు లెక్క. మా బండి 1,800 కిలోలు, ఒకటిన్నర రెట్లు వేస్తే 2,700. అది సుమారు 6,000 పౌండ్లు. పెద్దది కొంటే బరువు పెరుగుతుంది, మోటారు తినే కరెంటూ పెరుగుతుంది. మిగిలిన డబ్బుతో ఒక స్నాచ్ బ్లాక్ కొనుక్కోమన్నాడు. తాడుని ఆ కప్పీ చుట్టూ తిప్పి వెనక్కి తెచ్చి కడితే లాగే బలం దాదాపు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది, అదే బరువుకి మోటారు తీసుకునే ఆంప్స్ బాగా తగ్గుతాయి. బ్యాటరీ మీద నడిచే వించ్‌కి ఇంతకన్నా మంచి సలహా లేదు. ఇంకొకటి కూడా చెప్పాడు, ఇది చాలామందికి తెలియదు: వించ్ మీద రాసిన బలం డ్రమ్ము మీద తాడు ఒక్క వరసే ఉన్నప్పటిది. పైన వరసలు పెరిగే కొద్దీ లాగుడు తగ్గుతుంది. అందుకే బండికి దగ్గర్లోనే చెట్టు ఉన్నా, కుదిరితే ఇంకొంచెం దూరంలో ఉన్నదానికి కట్టి తాడు ఎక్కువ బయటికి రానివ్వాలి.

బ్యాటరీ దగ్గర కాసేపు వాదించుకున్నాం. నాకు లిథియం మీద మనసు, బరువు తక్కువ కదా అని. తన దగ్గరున్న 100 ఆంపియర్ అవర్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ తీసి దాని మీద రాసింది చదివించాడు: లోపల బ్యాటరీని కాపాడే సర్క్యూట్ (బీఎంఎస్) ఎడతెగకుండా ఇచ్చేది 100 ఆంప్సే. అంతకు మించి లాగితే తనని తాను కాపాడుకోవడానికి కట్ అయిపోతుంది, అదీ సరిగ్గా వించ్ బిగుసుకున్న క్షణంలో. రెండు వందల పైన ఇచ్చేవి ఉన్నాయి, ధర వేరే. చివరికి డీజిల్ కమర్షియల్ బండ్లకి వాడే సీల్డ్ స్టార్టింగ్ బ్యాటరీ, 100 ఆంపియర్ అవర్‌ది తీసుకున్నాం. మోటుది, బరువుది, కానీ బలంగా లాగితే ఇస్తుంది. వించ్, బ్యాటరీ, ప్లేటు అన్నీ కలిపి ఎనభై కిలోలు పెరిగాయి. ఆ మేరకు ఐసు తగ్గించుకోవాల్సిందే.

ఈ బ్యాటరీ నిండేది, బండి 12 వోల్టుల లైను నుంచి కరెంటు తీసుకునే 20 ఆంప్స్ బ్యాటరీ-టు-బ్యాటరీ చార్జర్ మీద. బండి రెడీ మోడ్‌లోకి (నడపడానికి సిద్ధంగా) వచ్చాకే అది ఆన్ అయ్యేలా రిలే పెట్టాడు. కన్వర్టర్ ఇచ్చే 36 ఆంప్స్‌లో బండి అవసరాలు పోగా అంతకన్నా మిగలదు మరి. రాత్రిపూట హెడ్‌లైట్లు, వైపర్లు కలిసి నడుస్తుంటే 10 ఆంప్స్‌కి తగ్గించుకునేలా ఒక స్విచ్ కూడా ఇచ్చాడు. నేరుగా రెండు బ్యాటరీలూ కలిపేస్తే పోదా అని అడుగుతారేమో. పోదు. వించ్ లాగినప్పుడు బండి వోల్టేజ్ కూడా దానితోపాటే పడుతుంది. పైగా కన్వర్టర్ 13.8 దగ్గరే ఆగిపోతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ త్వరగా నిండు చార్జ్‌కి రావాలంటే 14.4 దాకా ఎక్కాలి. ఈ చార్జర్ ఆ పని చేస్తుంది.

కేబుల్ పని గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 50 స్క్వేర్ ఎం.ఎం. కాపర్ కేబుల్, పాజిటివ్ ఎంత మందమో నెగటివ్ కూడా అంతే. నెగటివ్‌ని చాసిస్‌కి బిగించి ఎర్త్ అనే అలవాటు మన దగ్గర బాగా ఉంది. ఈ కుర్రాడు బ్యాటరీ నెగటివ్ దాకా వేరే కేబుల్ లాగాడు. రానూపోనూ ఆరు మీటర్లకి 200 ఆంప్స్ దగ్గర పోయే వోల్టేజ్ నా లెక్కన 0.4. ఇదే 16 స్క్వేర్ ఎం.ఎం. వేసి ఉంటే 1.3 వోల్టులు కేబుల్‌లోనే వేడెక్కి పోయేవి. లగ్గులన్నీ (కేబుల్ చివర బిగించే కొసలు) టిన్ పూసినవి, హైడ్రాలిక్ క్రింపింగ్, పైన హీట్ ష్రింక్. సుత్తితో కొట్టి మూసిన లగ్గు ఒక్కటి కూడా లేదు, నేను అన్నీ లాగి చూశాను. కుర్రాడు నవ్వుతూ నిలబడ్డాడు, ఏమీ అనుకోలేదు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు, దాని తర్వాత కరెంటుని పూర్తిగా తెంచేసే, చేతితో తిప్పే స్విచ్, అంటే ఐసొలేటర్. వించ్ కాంటాక్టర్ లోపల అతుక్కుపోతే రిమోట్ వదిలేసినా తాడు లాగుతూనే ఉంటుంది. అప్పుడు మనిషిని కాపాడేది ఐసొలేటర్ ఒక్కటే.

వించ్ ముందు బంపర్‌కి పెట్టమంటే ఒప్పుకోలేదు. దిగబడిన బండి వచ్చిన దారినే వెనక్కి రావడం తేలిక కాబట్టి వెనకే మేలన్నాడు. పైగా బుల్ బార్లు, క్రాష్ గార్డులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది, ముందు ఇనుము బిగించే పని తాను చెయ్యనన్నాడు. కాబట్టి వించ్ ఒక ఊడదీసే ఉక్కు చట్రం మీద ఉంది. ఒడ్డుకి వెళ్ళే రోజు వెనక తగిలించుకుంటాం, మిగతా రోజుల్లో ఇంట్లోనే. కరెంటు కలపడానికి ఫోర్క్‌లిఫ్ట్ బ్యాటరీలకి వాడే పెద్ద ఆండర్సన్ ప్లగ్గు. అది చూడగానే ప్లాంట్‌లో స్టోర్సు గుర్తొచ్చింది. చట్రం బిగింపుకి చాసిస్‌కి కొత్త కన్నం వెయ్యలేదు, బండి మీద వెల్డింగ్ రాడ్ ముట్టించలేదు. ఉన్న బోల్టు కన్నాలే వాడుకున్నాడు. బ్యాటరీ ప్యాక్ చాసిస్ పట్టీల మధ్యే ఉండే బండికి డ్రిల్ పట్టుకుని కిందకి దూరేవాణ్ణి నమ్మకూడదు.

డబ్బు ఇచ్చే ముందు టెస్టు చూపించమన్నాను. షాపు వెనక ఖాళీ స్థలంలో నిలబెట్టిన లోడు లారీకి తాడు కట్టి, మా బండికి బ్రేకు కొంచెం కొంచెం నొక్కుతూ లాగించాడు. కేబుల్ చుట్టూ తగిలించి ఆంప్స్ కొలిచే డీసీ టాంగ్ టెస్టర్ నా చేతికే ఇచ్చాడు. ఖాళీగా తాడు చుట్టేటప్పుడు 50 దగ్గర, బండి కదిలేటప్పుడు 140, బ్రేకు బాగా నొక్కాక 210. వించ్ బ్యాటరీ 12.7 నుంచి 11.2కి దిగింది, వించ్ టెర్మినల్స్ దగ్గర 10.8. అదే సమయంలో బండి సొంత 12 వోల్టుల లైను మీద ఇంకో మీటరు పెట్టించాను. 13.7 దగ్గర నుంచి కదల్లేదు. నాకు కావలసిన రుజువు అదే.

జూన్‌లో వాన పడ్డాక మంగమారిపేట ఒడ్డున అసలు పరీక్ష జరిగింది. వెనక చక్రాలు యాక్సిల్ దాకా దిగిపోయాయి. సరుగుడు చెట్టుకి వెడల్పాటి బెల్టు చుట్టి, షాకిల్ (ఇనుప కొక్కెం) వేసి, తాడు మీద తడి గోనె సంచి కప్పి, అందర్నీ పక్కకి పంపించి మావాడు బటన్ నొక్కాడు. తాడు సింథటిక్‌ది. స్టీలు తాడు మన ఉప్పుగాలికి తొందరగా తుప్పు పడుతుంది, తెగితే కొరడాలా వచ్చి కొడుతుంది. కొంచెం లాగడం, మోటారు చల్లారనివ్వడం, మళ్ళీ లాగడం. ఐసు కరగకముందే బయటపడ్డాం. అంతసేపూ బండి స్క్రీన్ ఒక్కసారి కూడా మిణుకుమనలేదు. బోటు లాగినప్పుడు మాత్రం వేరే సమస్య వచ్చింది, దానికి షాపుకి సంబంధం లేదు. బండి తేలిక, బోటు బరువు, కాబట్టి బోటు పైకి రావడం మానేసి బండే బోటు వైపు జారింది. ఒడ్డునున్న పెద్దాయన ఒకాయన దుంగని అడ్డంగా ఇసుకలో పాతించి, బండి ముందు హుక్కుని దానికి కట్టించాడు. ఆ తర్వాత బోటు చక్కగా దుంగల మీద ఎక్కింది. తాబేళ్ళు గుడ్లు పెట్టే నెలల్లో మాత్రం రాత్రిళ్ళు ఇసుకలోకి బండి దించేది లేదని మావాడికి గట్టిగా చెప్పాను.

మావాడు ఫోన్లో అమెరికా బండ్లు చూపిస్తుంటాడు. ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్‌లో 9.6 కిలోవాట్ల దాకా ఇచ్చే ప్లగ్గు పాయింట్లున్నాయి, నిజమే. కానీ బంపర్లకి పెట్టే మామూలు వించ్ అక్కడా 12 వోల్టులదే, కాబట్టి ఆ ప్లగ్గులు దానికి నేరుగా పనికిరావు. 2023 నవంబరులో డెలివరీలు మొదలైన టెస్లా సైబర్‌ట్రక్ 48 వోల్టుల లైనుకి మారింది. మూడు కిలోవాట్ల వించ్‌కి 12 వోల్టుల దగ్గర 250 ఆంప్స్ కావాలంటే, 48 దగ్గర 62 చాలు. సన్నటి కేబుల్, చిన్న ఫ్యూజు, తక్కువ వేడి. మన చిన్న బండ్లకి ఆ రోజు వచ్చేదాకా వేరు బ్యాటరీయే దిక్కు.

ఇప్పుడు ఐదో స్టారు సంగతి. గురువారం ఇస్తానన్న బండి మరుసటి వారం ఇచ్చాడు. చార్జర్ రాలేదన్నాడు, సరే, కానీ ఫోన్ చేసి చెప్పొచ్చు కదా. చేపల వ్యాపారంలో బండి ఆగితే రోజు పోయినట్టే. రెండోది, ఐసొలేటర్‌ని వెనక చక్రం మడ్‌గార్డుకి దగ్గర పెట్టాడు. ఉప్పునీళ్ళు, ఇసుక నేరుగా అక్కడికే కొడతాయి. నెల తిరక్కముందే టెర్మినల్ మీద ఆకుపచ్చ చిలుము కనిపించింది. తీసుకెళ్తే వాదించకుండా పైకి మార్చి, మూత ఉన్న డబ్బాలో పెట్టి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. అయినా సముద్రం ఒడ్డునున్న ఊళ్ళో పని చేసేవాడికి మొదటే తట్టాలి. మూడోది, బిల్లు. కాగితం ముక్క మీద మొత్తం ఒక్కటే రాసిచ్చాడు. విడివిడిగా రాయమని అడిగాక జీఎస్టీతో సరైన బిల్లు వచ్చింది. అన్నీ కలిపి 74,000 అయింది, అందులో లేబర్ 7,000. ఆ కేబుల్ పనికి లేబర్ ఎక్కువేమీ కాదు. వించ్ ధర మాత్రం బయట రెండు మూడు వేలు తక్కువకి దొరుకుతుంది. మీరే కొని తెచ్చుకున్నా బిగిస్తాడు.

వెళ్ళేవాళ్ళు బండి ఓనర్ మాన్యువల్, కన్వర్టర్ ప్లేటు ఫోటో పట్టుకెళ్ళండి, సగం మాటలు తగ్గుతాయి. సీరీస్ వౌండ్ మోటారు ఉన్న వించ్ అడగండి. పర్మనెంట్ మాగ్నెట్‌ది చౌక, కానీ త్వరగా వేడెక్కుతుంది. వైర్‌లెస్ రిమోట్‌తోపాటు వైరుది కూడా తీసుకోండి. ఉదయం పది దాటాక వెళ్తే షాపు ముందు లారీలు అడ్డం ఉంటాయి, చిన్న బండి కూడా లోపలికి పట్టదు. ఆదివారం సెలవు.